‘నేను అలాంటి మనిషిని కాదండి’: ఒక కేస్ స్టడీ

ఆరోగ్యపు అలవాట్లు మార్చుకోవడానికి సాయం కోసం నా దగ్గరికి వచ్చిన ఒకాయన కేసు ఇది. మనిషిని గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాను లేదా తీసేశాను. రాసింది ఆయనకి చూపించాను. చదివి, ఒక్కచోట మాత్రం దిద్దారు. ఆ సంగతి చివర్లో చెబుతాను.

నేపథ్యం

ఆయనకి 46 ఏళ్ళు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుర్చీలో కూర్చుని లెక్కలు చూసే ఉద్యోగం. ఇంట్లో భార్య, చదువుకుంటున్న కూతురు, పెద్దవయసు తల్లి. రక్తపరీక్షలో హెచ్‌బిఎ1సి 6.2 శాతం వచ్చింది. సుమారు మూడు నెలల్లో రక్తంలో చక్కెర సగటున ఎలా ఉందో చెప్పే అంకె అది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే ప్రీ-డయాబెటిస్ అంటారు, 6.5 నుంచి మధుమేహం కింద లెక్క. డాక్టర్ మందు రాయలేదు. నడవమన్నారు, కొంచెం బరువు తగ్గమన్నారు, ఆరు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష చేయించుకోమన్నారు.

ఆ సలహాలో లోపమేమీ లేదు. ప్రీ-డయాబెటిస్ దశలో ఉన్న 3,234 మందితో అమెరికాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. వారానికి 150 నిమిషాల శారీరక శ్రమ, 7 శాతం బరువు తగ్గడం లక్ష్యాలుగా పెట్టుకున్నవాళ్ళలో మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే మధుమేహం మాత్ర వాడినవాళ్ళలో తగ్గింది 31 శాతం. ఈ లెక్కలు నేను చెప్పబోతే ఆయనే అందుకుని పూర్తి చేశారు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది అంతే. ఏం చేయాలో వాళ్ళకి బాగా తెలుసు. తెలిసీ చేయలేకపోతున్నందుకే సిగ్గుపడుతూ వస్తారు.

ఏం చెప్పుకున్నారు

పదకొండేళ్ళలో ఏడుసార్లు మొదలుపెట్టి ఏడుసార్లు మానేశారు. జిమ్ రెండుసార్లు, సైకిల్, యోగా క్లాసు, ఇంట్లో వ్యాయామం, పొద్దున్నే పరుగు, ఒక స్నేహితుడితో కలిసి నడక. అన్నిటికంటే ఎక్కువ నిలిచింది అయిదు వారాలు. ఇదంతా తేదీలతో సహా చెప్పి, చివర్లో అన్నారు: “మా ఆఫీసులో పొద్దున్నే లేచి పరుగెత్తేవాళ్ళున్నారు. వాళ్ళ తీరే వేరు. నేను అలాంటి మనిషిని కాదండి. మధ్యలో వదిలేసే రకం నేను.”

నేను నోట్స్ రాసుకునేటప్పుడు మాటల కంటే క్రియల చివర్లు గమనిస్తాను. ఆరోగ్యం గురించి మాట్లాడినంతసేపూ ఆయన నోట వచ్చినవి ఇవి: నడవాలి, తగ్గాలి, మానేయాలి, త్వరగా పడుకోవాలి. ఉద్యోగం గురించి అడిగితే: చూస్తాను, సరిచేస్తాను, తేడా దొరికేదాకా వదలను. ఒకే మనిషి, ఒకే గంటలో. ‘ఆలి’తో ముగిసే మాట ఎప్పుడూ బయటి నుంచి వచ్చిన ఆజ్ఞలా ఉంటుంది, చెప్పేది మన నోరే అయినా సరే. ‘తినకూడదు’ అన్నవాడు ఇంకా బేరం ఆడుతున్నాడు. ‘తినను’ అన్నవాడికి బేరం లేదు. ఇంగ్లిష్‌లోనూ ఇలాంటి తేడా ఒకటి ఉంది. ఊరించే తిండిని ‘తినలేను’ (ఐ కాంట్) అనే అర్థంలో వద్దనడం కంటే ‘తినను’ (ఐ డోంట్) అని తన నియమంగా చెప్పడం ఎక్కువ పనిచేస్తుందని 2012లో వచ్చిన ఒక పరిశోధన చూపింది. అయితే దాన్ని చిట్కాగా వాడకూడదని నా అభిప్రాయం. నిన్న రాత్రి తిన్నవాడు ఇవాళ ‘నేను తినను’ అంటే, ఆ మాట ముందుగా అబద్ధమనిపించేది అతనికే.

ఇంత తెలిసీ నేను సరిగ్గా ఆ తప్పే చేశాను.

మొదటి ప్రయత్నాలు

మొదటి నాలుగు వారాలు మామూలు పద్ధతే. పొద్దున్న అయిదున్నరకి లేవడం, రోజుకి 8,000 అడుగులు, ఫోన్‌లో ఒక యాప్. ఆయన అంకెల మనిషి కదా, అంకెలే పట్టి ఉంచుతాయనుకున్నాను. పదహారు రోజులు బాగా సాగింది. ఆఫీసులో లెక్కలు ముగించే వారం వచ్చింది, రాత్రి ఆలస్యమైంది, రెండు రోజులు లేవలేదు. యాప్‌లో రెండు ఎర్రగళ్ళు పడ్డాయి. ఆ తర్వాత పది రోజులు ఆయన దాన్ని తెరవనే లేదు.

రెండు రోజుల విరామం పది రోజులు ఎందుకైంది? వ్యసనాల నుంచి బయటపడేవాళ్ళ మీద పనిచేసిన అలన్ మార్లాట్ దీన్ని వివరించాడు. ఒక్కసారి జారినప్పుడు జరిగే నష్టం చిన్నదే. ‘చూశావా, నేనింతే’ అని దానికి మనం చెప్పుకునే కారణంతోనే అసలు పతనం మొదలవుతుంది. ఈయన విషయంలో ఆ కారణం పదకొండేళ్ళుగా తయారుగా ఉంది. ఆ ఎర్రగళ్ళు ఆయన దగ్గర ఉన్న సాక్ష్యాలకి ఇంకో రెండు చేర్చాయి, అంతే.

అందుకని రెండో విడతలో, సమస్య అలవాటుది కాదు, ఆయన తనని చూసుకునే తీరుది అని నిర్ణయించుకున్నాను. ఆ నిర్ణయం ఇప్పటికీ సరైనదే అనుకుంటున్నాను. దాన్ని అమలు చేసిన తీరే తప్పు. రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి ‘నేను ఆరోగ్యంగా బతికే మనిషిని’ అని చెప్పుకోమన్నాను. నాలుగు రోజులు చెప్పుకున్నారు. అయిదో రోజు మానేసి, సెషన్‌కి వచ్చి మర్యాదగానే అన్నారు: “రోజూ అబద్ధంతో మొదలుపెడుతున్నట్టుందండి.”

తమ మీద తమకి నమ్మకం తక్కువున్నవాళ్ళు తమ గురించి గొప్ప మాటలు పదేపదే చెప్పుకుంటే మనసు తేలికపడకపోగా మరింత కుంగుతుందని మనస్తత్వ పరిశోధకురాలు జోఆన్ వుడ్ బృందం 2009లోనే చూపించింది. నాకు తెలియని విషయం కాదు. ఆరు నెలల గడువు మనసులో ఉండి తొందరపడ్డాను. మనిషిని మార్చడం కంటే మనిషికి పేరు మార్చడం సులువు.

మూడోది ఇంకా చిన్న ప్రయత్నం. ‘ఏడుసార్లు మానేశారంటే ఏడుసార్లు మళ్ళీ మొదలుపెట్టారని కదా’ అన్నాను. ఆయన నవ్వి, “మాట బాగుందండి” అన్నారు. ఆ నవ్వుతోనే అది అయిపోయింది.

అలారం మోగింది

ఏడో సెషన్ రాత్రిపూట ఫోన్‌లో పెట్టుకున్నాం. మాట్లాడుతుండగా తొమ్మిదిన్నరకి ఆయన వైపు అలారం మోగింది. “ఒక్క నిమిషం, అమ్మకి మందు” అని లేచి వెళ్ళి, మాత్ర వేసి, ఏదో రాసుకుని వచ్చి కూర్చున్నారు. ఎన్నాళ్ళుగా వేస్తున్నారని అడిగాను.

“ఆరేళ్ళు అవుతోంది.”

“మర్చిపోయిన రోజులున్నాయా?”

ప్రశ్న అర్థం కానట్టు ఆగారు. “మందు కదండీ,” అన్నారు.

జ్వరం వచ్చిన రోజు, ప్రయాణంలో ఉన్న రోజు, లెక్కలు ముగించే వారం, అన్నీ ఒక్కొక్కటిగా అడిగాను. ప్రతిదానికీ ఒక ఏర్పాటు ఉంది. ప్రయాణంలో ఉంటే ఆ వేళకి ఇంటికి ఫోన్ చేస్తారు. ఆఫీసులో ఆలస్యమైతే కూతురు వేస్తుంది, ఈయన వచ్చి పుస్తకం చూసుకుంటారు. పుస్తకం అంటే వంటింట్లో ఉండే ఒక నోటుబుక్కు. రోజుకొక వరుస, ఒక్కో మాత్రకి ఒక గడి, వేయగానే టిక్కు. మధ్యలో వదిలేసే రకం మనిషి ఆరేళ్ళ టిక్కులు నింపాడు.

ఇక్కడ నా ముందు రెండు దారులున్నాయి. ఆ అలారాన్ని కేవలం ఒక సూచనగా వాడుకోవచ్చు: మందు వేశాక చెప్పులు వేసుకోండి అని. ఎప్పుడు, దేని తర్వాత చేస్తామో ముందే ముడివేసుకుంటే పని జరిగే అవకాశం పెరుగుతుందని మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ పరిశోధనలు చెబుతాయి. లేదా నేరుగా ‘మీరు ఇంత బాధ్యతగల మనిషి, మీ గురించి కూడా చూసుకోండి’ అనవచ్చు. రెండోది నాలుక చివరి దాకా వచ్చింది. ఆపుకున్నాను. అద్దం ముందు చెప్పించిన వాక్యం లాగే అదీ నేను అంటించే ఇంకో చీటీ అవుతుంది. అందుకని ఒక్క ప్రశ్న అడిగి వదిలేశాను: “అమ్మ మందుకీ మీ నడకకీ తేడా ఏమిటి?”

“అది చేయాల్సిన పని. ఇది, చేస్తే మంచిది.”

రెండు వారాల తర్వాత ఆయనే ఆ మాట మళ్ళీ ఎత్తారు. “డాక్టర్ నాకు రాసింది కూడా మందే కదండీ. మాత్ర రూపంలో లేదంతే.” ఇది నేను చెప్పి ఉంటే ‘మాట బాగుందండి’ జాబితాలో చేరిపోయేది.

ప్రణాళిక వేసే ముందు ఒక విషయం తేల్చుకోవాలనిపించింది. ఇంట్లో పెద్దవాళ్ళని చూసుకునేవాళ్ళలో కొందరు లోపల అలసిపోయి ఉంటారు. వాళ్ళకి నడకని ఇంకో సేవగా చూపిస్తే ఉన్న బరువు మీద మరో బరువు పెట్టినట్టే. నేరుగానే అడిగాను. విసుగు వచ్చే రోజులున్నాయన్నారు, కానీ తల్లి మంచం పక్కన ఆ అయిదు నిమిషాలు రోజులో తనకి నచ్చే సమయమేనన్నారు. ముందుకెళ్ళాం.

ఏం చేశాం

తొమ్మిదిన్నరకి తల్లికి మాత్ర, వెంటనే పది నిమిషాల నడక. పది నిమిషాలే ఎందుకు? ఇరవై అంటే ఆయన మనసులో లెక్కలు మొదలవుతాయి, పదికి వాదన దొరకదు. రాత్రే ఎందుకు? సూచన అక్కడే ఉంది. పైగా భోజనం తర్వాత కాసేపు నడిస్తే రక్తంలో చక్కెర అంతగా ఎగబాకదు. యాప్ తీసేశాం. దాని బదులు ఏం పెట్టాలా అని నేను ఆలోచిస్తుండగా ఆయనే తల్లి మందుల పుస్తకంలో చివర ఇంకో గడి గీసుకున్నారు.

ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యమైనది ఆ గడేనని నా నమ్మకం. మనస్తత్వవేత్త డారిల్ బెమ్ 1972లో వివరంగా రాసిన సిద్ధాంతం ఒకటుంది. మనం ఎవరమన్నది మనకి లోపలి నుంచి స్పష్టంగా తెలియనప్పుడు, బయటివాళ్ళు మనల్ని చూసి అంచనా వేసినట్టే మనమూ మన పనుల్ని చూసి మన గురించి అంచనా వేసుకుంటాం. యాప్‌లో ఎర్రగళ్ళు ఒక మనిషిని చూపించాయి. ఈ పుస్తకం ఇంకో మనిషిని చూపిస్తోంది, అదీ ఆరేళ్ళ సాక్ష్యంతో. కొత్త గడి ఆ మనిషి పక్కన చేరింది. కొత్త గుర్తింపు కట్టాల్సిన పని నాకు పడలేదు. ఉన్నదాని సరిహద్దు కొంచెం జరిగింది, అంతే.

ఎన్ని రోజుల్లో అలవాటవుతుందని అడిగారు. ఇరవై ఒక్క రోజులని ఎక్కడో విన్నారట. ఆ అంకె మూలం 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ రాసిన మాట. శస్త్రచికిత్స తర్వాత తన కొత్త ముఖానికి అలవాటు పడడానికి రోగికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు. చిత్రమేమిటంటే ఆయన చెప్పింది వ్యాయామం గురించి కాదు, మనిషి తనని తాను కొత్తగా చూసుకోవడం గురించి. పైగా ‘కనీసం’ అన్న మాట దారిలో ఎక్కడో రాలిపోయింది. ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పన్నెండు వారాలు గమనించి 2010లో అచ్చువేసిన అధ్యయనంలో మధ్యస్థ అంచనా 66 రోజులు. ఒక్కొక్కరికి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది; పన్నెండు వారాలు దాటిన అంకెలు లెక్కగట్టిన అంచనాలు. ఒక రోజు తప్పితే కొంపేమీ మునగదని కూడా అందులో తేలింది. ఇవన్నీ ఆయనకి ముందే చెప్పాను, నాలుగో వారంలో ‘ఇంకా అలవాటు కాలేదే’ అనుకోకుండా.

ఇంట్లో వాళ్ళ సంగతి నేను ఆలస్యంగా గుర్తించాను. మనిషి తన గురించి అనుకునేది మారినా, చుట్టూ ఉన్నవాళ్ళు పాత మనిషితోనే మాట్లాడుతుంటారు. మొదటి వారం ఆయన బయటికి వెళ్తుంటే భార్య, “ఎన్నాళ్ళో చూద్దాం” అన్నారట. ఒక సెషన్‌కి ఆవిడనీ పిలిచాను. “నేను ఎగతాళికి అనలేదండి,” అన్నారావిడ. “ఏడుసార్లూ ఆశపడింది నేను కూడా.” దానికి నా దగ్గర సమాధానం లేదు. మెచ్చుకోవద్దు, లెక్కపెట్టవద్దు, తిరిగొచ్చాక బయట చల్లగా ఉందా అని అడగండి చాలు అన్నాను. మెచ్చుకోలు కూడా ఎందుకు వద్దన్నానంటే, మందు వేసినందుకు ఆయన్ని ఆరేళ్ళలో ఎవరూ మెచ్చుకోలేదు.

తొమ్మిది రోజులు

పదకొండో వారంలో తల్లి కొన్నాళ్ళు తన కూతురి దగ్గర, అంటే ఈయన తోబుట్టువు దగ్గర, ఉండడానికి వెళ్ళారు. మందుల పుస్తకం ఆవిడతోపాటు వెళ్ళింది. ఆయన అలారం ఆపేశారు. నడక ఆగింది. తొమ్మిది రోజుల తర్వాత వచ్చి, పాత గొంతుతో “మళ్ళీ వదిలేశానండి. రేపట్నుంచి గంటసేపు నడిచి సరిచేస్తాను” అన్నారు.

ఇది నేను ముందే ఊహించి ఉండాల్సింది. సూచన మనిషితో ముడిపడి ఉన్నప్పుడు ఆ మనిషి ఊరెళ్తే ఏమిటన్నది మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న. అడగలేదు.

అప్పుడు ఓదార్చే మాటలేవీ చెప్పకుండా ఒకటే అడిగాను. “అమ్మకి ఒక రోజు డోసు తప్పితే మర్నాడు ఏం చేస్తారు?”

“మర్నాటి డోసు మర్నాడు వేస్తాం.”

“రెండింతలు వేయరా?”

“అమ్మో, అలా వేయకూడదు. డాక్టర్ మొదటే చెప్పారు.” అని, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “అయితే ఇవాళ పది నిమిషాలే,” అన్నారు.

అపరాధభావంతో గంటసేపు నడిచిన మనిషి మూడో రోజు కాళ్ళ నొప్పులతో ఆగిపోవడం ఆయన పాత చరిత్రలో రెండుసార్లు ఉంది. ఈసారి ఆగలేదు. తనకంటూ ఒక చిన్న పుస్తకం కొనుక్కుని, మొదటి పేజీలో ఆ తొమ్మిది ఖాళీ గళ్ళు కూడా గీశారు. తప్పిన డోసులు పుస్తకంలో ఉండాలట.

ఫలితం, మారనివి

ఆరు నెలలకి హెచ్‌బిఎ1సి 5.9. బరువు 83 కిలోల నుంచి 80కి వచ్చింది. పెద్ద మార్పు కాదు, పరీక్షలో సహజంగా ఉండే చిన్న తేడాలు కూడా ఆ అంకెలో కొంత ఉండవచ్చు. పది నిమిషాలు ఎవరూ చెప్పకుండానే ఇరవై దాటాయి. వారానికి 120 నిమిషాల దగ్గర చాలాకాలం ఆగి, పదో నెలలో 150 దాటాయి. పద్నాలుగో నెలలో మాట్లాడినప్పుడు నేను నోట్స్‌లో రాసుకున్న వాక్యం: “రాత్రి నడుస్తానండి, తొమ్మిదిన్నర తర్వాత ఫోన్ చేయకండి.” ఆ ‘నడుస్తాను’ నేను నేర్పించింది కాదు.

మారనివీ ఉన్నాయి. అర్ధరాత్రి దాకా ఫోన్ చూడడం అలాగే ఉంది. ఆఫీసులో సాయంత్రం చిరుతిండి విషయంలో ‘మందు’ అన్న ఊహ అస్సలు పనిచేయలేదు. చివరికి డబ్బాని సొరుగులోంచి తీసి దూరంగా ఉన్న అలమరలో పెట్టించాను, సగానికి తగ్గింది. దానికి గుర్తింపూ అక్కర్లేదు, సిద్ధాంతమూ అక్కర్లేదు, నాలుగడుగుల దూరం చాలు. అన్నిటినీ ‘నేనెవరు’ అనే ప్రశ్నతో ముడిపెట్టడం మా వృత్తిలో ఉన్న ఒక జబ్బు.

ఈ కేసు తర్వాత నా మొదటి సెషన్ మారింది. ‘ఎందుకు మానేశారు’ అని అడగడం తగ్గించాను. ‘మీరు ఎప్పుడూ తప్పని పని ఏదైనా ఉందా’ అని అడుగుతున్నాను. మొదట చాలామంది లేదంటారు, ఎందుకంటే తప్పని పనులు మనిషికి పనుల్లా కనిపించవు. దొరికాక కూడా అది అందరికీ ఇలా పనికిరాదు. ఇదే దారి ఇంకొకరితో ప్రయత్నించాను. ఇద్దరు చిన్నపిల్లల్నీ, జబ్బుతో ఉన్న తండ్రినీ చూసుకుంటున్న ఆవిడ. “ఇంకొకరి బాగోగులు చూడలేనండి, ఆ ఇంకొకరు నేనే అయినా సరే” అన్నారు. ఆవిడకి కావాల్సింది అలవాటు కాదు, విశ్రాంతి. తిండి విషయంలో తనని తాను శిక్షించుకునే సమస్య ఉన్నవాళ్ళతో, తీవ్రమైన డిప్రెషన్‌లో ఉన్నవాళ్ళతో అయితే ఈ పుస్తకాలు, గళ్ళ జోలికే వెళ్ళను. ముందు ఆ సమస్యకి చికిత్స జరగాలి.

ఇక ఆయన దిద్దిన చోటు. తల్లి ఇప్పుడు ఎక్కువగా తన కూతురి దగ్గరే ఉంటున్నారు. అందుకని నేను ఈ రాతలో ‘ఇప్పుడు అలారం అవసరం లేకుండానే లేచి నడకకి వెళ్తున్నారు’ అని రాశాను. ఆయన ఆ వాక్యం కొట్టేసి, పక్కన రాశారు: “అలారం ఉందండి. మళ్ళీ పెట్టుకున్నాను. పేరు ఇంకా ‘అమ్మ మందు’ అనే ఉంది. మారిస్తే లేస్తానో లేదో తెలియదు, మార్చి చూడలేదు.”